బల్లెం వినేచోట

మార్చి 3

ఈ పుస్తకం కొనిపించింది బీపీ డాక్టరు. కోపం వస్తే అరవకండి, రాసుకోండి అన్నాడు. కొన్నప్పటి నుంచీ ఖాళీగానే పడి ఉంది. నాకు రాయడం కన్నా అరవడమే తేలిక. ఇవాళ అరుద్దామన్నా ఇంట్లో ఎవరూ నా ఎదురుగా నిలబడటం లేదు కాబట్టి రాస్తున్నాను.

పొద్దున టీవీలో చెప్పారు. మా అమ్మాయి పిట్ట వాళ్ళ స్క్వాడ్రన్‌లో ఒక బల్లెం, అదే తను నడిపే రకం పాత ఫైటర్ జెట్, కూలిపోయింది. పైలట్ మృతి అన్నాడు, పేరు చెప్పలేదు. ఆ ఒక్క ముక్క అనేసి వాతావరణ వార్తల్లోకి వెళ్ళిపోయాడు. పిట్టకి ఫోన్ చేస్తే స్విచాఫ్. మా ఆవిడ కుట్టుమిషను చక్రం మీద చెయ్యి పెట్టి అలాగే కూర్చుండిపోయింది. తొక్కదు, లేవదు. "ఎవరితోనన్నా మాట్లాడండి" అని అదే మాట మళ్ళీ మళ్ళీ. ఎవరితో మాట్లాడను? నేను ఎయిర్‌ఫోర్సు నుంచి రిటైరై ఎన్నేళ్ళో అయింది. నాకు తెలిసిన ఇంజన్ ఫిట్టర్లందరూ నాలాగే మోకాళ్ళకి మందు రాసుకుంటూ అదే టీవీ చూస్తుంటారు.

మధ్యాహ్నం పిట్టే చేసింది. "నాన్నా, నేను కాదు" అంది. తర్వాత, "పొడుగు సార్" అంది. పెట్టేసింది.

పొడుగు సార్ అంటే దానికి బల్లెం నడపడం నేర్పినవాడు. ఒకసారి మా ఇంటికి వచ్చి గుమ్మం తగిలించుకున్నాడు, నుదురు బొప్పి కట్టింది. "ఈ ఇల్లు ఫిట్టర్ల కోసం కట్టారండీ, పైలట్ల కోసం కాదు" అని నవ్వాడు. మా ఆవిడ తడిగుడ్డ తెచ్చిస్తే, నుదుటికి అద్దుకుంటూనే మూడుసార్లు థాంక్సు చెప్పాడు.

మా పిల్ల కాదని తెలియగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది. రెండూ నిజమే.

మార్చి 4

బల్లేలన్నీ నేల మీదే. విచారణ తేలేదాకా ఒక్కటీ లేవకూడదని ఆర్డరు. నన్నడిగితే మంచిదే. దేశంలో పైలట్ల తల్లులందరూ ఇవాళ కాస్త అన్నం తిని ఉంటారు.

మా ఆవిడ నాతో మాట్లాడటం లేదు. మిషను మాట్లాడుతోంది. కోపమెక్కువైతే తొక్కుడు వేగం పెరుగుతుంది. ఇవాళ పక్కింటావిడ జాకెట్టు రెండుసార్లు కుట్టి రెండుసార్లు విప్పింది.

మార్చి 6

రేడియో వచ్చాడు. మా బావమరిది. ఒకసారి మొదలైతే ఆపడానికి మీట లేదు గనక ఆ పేరు పెట్టింది పిట్టే, చిన్నప్పుడు. బ్యాంకులో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. జీవితంలో ఒక్క విమానం బోల్టు కూడా ముట్టుకోలేదు కానీ పత్రికలు చదివి చదివి ఏ విమానం ఎంత వేగం, ఎన్ని క్షిపణులు మోస్తుంది అన్నీ నోటికి వచ్చు.

"బావా, ఇంకా ఆ తాతలనాటి డబ్బాలు ఎగరెయ్యడమేంటి? అవతల దేశాలవాళ్ళు రాడార్‌కి దొరకని విమానాల్లో తిరుగుతుంటే! పేపర్లో ఏం రాశారో చూశావా? ఎగిరే శవపే..."

"ఆ మాట నా ఇంట్లో అనకు."

"నేననలేదు బావా, పేపరోడన్నాడు."

"పేపరు కూడా బయట పెట్టి రా."

లోపల మిషను ఆగింది. "అననివ్వండి" అంది మా ఆవిడ. రెండు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. "వాడన్నా అననివ్వండి. మీరెలాగూ అనరు."

నేను అనను. హాంగర్లో, అంటే మా విమానాల షెడ్డులో, మాకొక పద్ధతి ఉండేది. విమానం వినేచోట దాని మీద చెడ్డమాట అనకూడదు. తిట్టాలంటే బయటికొచ్చి, రోడ్డు దాటి, టీ కొట్టు దగ్గర నిలబడి తిట్టాలి. కొత్తగా చేరిన ఫిట్టరొకడు రెక్క కింద నిలబడి "దరిద్రపు గొట్టం" అన్నాడని మా చీఫ్ వాడిచేత సారీ చెప్పించాడు. విమానానికి. మేమంతా పడీపడీ నవ్వాం, కానీ ఆ తర్వాత ఎవ్వరూ హద్దు దాటలేదు. చీఫ్ తిక్కవాడేం కాదు. పొద్దున్నే దాన్ని ఒక మనిషి ఎక్కాలి. ఎక్కబోయేవాడి చెవిన అలాంటి మాట పడకూడదు. అదీ సంగతి.

మా హాల్లో గోడ మీద బల్లెం ఫోటో ఉంది, పిట్ట మొదటిసారి ఒంటరిగా ఎగిరిన రోజుది. కాబట్టి మా ఇల్లు కూడా హాంగరు కిందే లెక్క. మా ఆవిడ దీన్ని పిచ్చి అంటుంది.

రేడియో పేపరు నిజంగానే చెప్పుల పక్కన పెట్టి వచ్చాడు. మంచివాడే పాపం.

మార్చి 7

మోకాలు. రిటైరయ్యాక ఒప్పుకున్న చిన్న పని ఒకటుంది, దానికి వెళ్ళలేదు.

మార్చి 9

వెళ్ళాను. శిక్షణ కాలేజీ గేటు ముందు స్తంభం మీద ఒక బల్లెం నిలబెట్టారు, అలంకారానికి. ఎండకీ వానకీ రంగు పొరలు పొరలుగా లేచింది. దగ్గరుండి రంగు వేయించమని నాకు అప్పజెప్పారు. రంగులాయన లారీలకి రంగులు వేసే మనిషి. నిచ్చెన మీద నుంచి అరిచాడు:

"సార్, ఇంత పెద్ద తోక బోసిగా ఉంది. రెండు గులాబీలు వెయ్యనా? నా గులాబీలు చూసి లారీ ఓనర్లు క్యూ కడతారు."

"వద్దు."

"పోనీ ఒక్క గులాబీ."

"ఒక్కటీ వద్దు."

"మీ ఇష్టం సార్. గులాబీ లేని బండి బండే కాదు."

గాలి లోపలికి పీల్చుకునే మూతిలో పావురాలు గూడు పెట్టాయి. ఇంజను ఎప్పుడో పీకేశారు, ఖాళీ డొల్ల. అయినా దాని కింద నిలబడితే నా గొంతు తగ్గిపోతుంది. రంగులాయన "ఏమన్నారు సార్?" అని పదిసార్లు అడిగాడు.

ఈ ఆకారం చూడాలి అసలు. సన్నటి ఒళ్ళు, చిన్న రెక్కలు, నిలబడి ఉన్నా దూసుకెళ్తున్నట్టే ఉంటుంది. పాత జెట్లలో హంటర్ ఇంతకన్నా అందగత్తె, ఒప్పుకుంటాను. రవాణా విమానాల్లో హర్క్యులిస్ బలశాలి. డకోటా నమ్మకస్తురాలు. కానీ చేతులారా పెంచింది దీన్నే. కాకిపిల్ల కాకికి ముద్దు.

మార్చి 10

పిట్ట వచ్చింది, సెలవు మీద. బ్యాగు గుమ్మంలో పెట్టి వాళ్ళమ్మ భుజం మీద తలపెట్టి చాలాసేపు నిలబడింది. ఏడవలేదు. తర్వాత పడుకుంది. సాయంత్రం లేచి, ముఖం కడుక్కుని, మళ్ళీ పడుకుంది.

నేను వెళ్ళి తలుపు దగ్గర నిలబడి వచ్చాను.

మార్చి 11

మాకొక ఆట ఉంది. పిట్టకి మాటలు వచ్చినప్పటి నుంచీ. "ఇవాళ్టి మొదటి మూడు?" అని అడిగితే అవతలివాళ్ళు తమకిష్టమైన మూడు సైనిక విమానాల పేర్లు చెప్పి, ఎందుకో కూడా చెప్పాలి. పాతవైనా సరే, ఇప్పటివైనా సరే. చెప్పిందే మళ్ళీ చెప్పొచ్చు, కారణం మాత్రం కొత్తది కావాలి. చిన్నప్పుడు దాని మొదటి స్థానం ఎప్పుడూ మస్కిటోదే, చెక్కతో చేశారని. "మన కుర్చీకి రెక్కలు పెట్టినట్టు నాన్నా!" అని కుర్చీ ఎక్కి దూకి చెయ్యి విరగ్గొట్టుకుంది. తర్వాత కొన్నాళ్ళు హారియర్, గాల్లో ఉన్నచోటే నిలబడుతుందని. ఆ తర్వాత బ్లాక్‌బర్డ్, నేల మీద ఉన్నంతసేపూ ఇంధనం కారుస్తూనే ఉంటుందట, జలుబు చేసిన పిల్లలాగా. కాలేజీకొచ్చాక ఇక మొదటి స్థానం బల్లేనిదే. దిగలేదు.

ఇవాళ రేడియో కూడా ఉన్నాడు. వాతావరణం తేలికపడుతుందని నేనే మొదలుపెట్టాను. రేడియో గబగబా రఫేల్, ఎఫ్-35, సుఖోయ్ అన్నాడు, కారణాలు చెప్పడానికి చాలాసేపు పట్టింది. నేను హంటర్, స్పిట్‌ఫైర్, బల్లెం అన్నాను.

"నువ్వు చెప్పవే కోడలా" అన్నాడు రేడియో.

"నాకు మూడు లేవు మామయ్యా. ఒకటే. డకోటా."

"డకోటానా! అది విమానమా, ముసలి బస్సు!"

"ముసలిదే. నిదానంగా వెళ్తుంది. రెండు ఇంజన్లుంటాయి. ఒకటి ఆగినా ఇంటికి తీసుకొస్తుంది."

దుఃఖంలో ఉన్నప్పుడు మనసు పాతవాటి మీదికి పోతుంది, సహజమే. ఆ మాటే నేను మా ఆవిడతో అంటే, నన్ను ఎగాదిగా చూసి లోపలికి వెళ్ళింది.

మార్చి 12

బట్టలు ఆరేస్తూ చెప్పింది పిట్ట. వచ్చే ఏడాదికి బల్లేలన్నీ రిటైరవుతాయి. ఈలోగా వాళ్ళ స్క్వాడ్రన్‌లో అందరినీ అడుగుతున్నారట. కొందరు కొత్త జెట్ మీదికి మారొచ్చు. కొందరు రవాణా విమానాలకి. కొందరు ఆఖరిరోజుదాకా బల్లెం మీదే ఉండొచ్చు.

"నువ్వేమంటావ్ నాన్నా?"

"నీ ఇష్టం."

"నా ఇష్టం సరే. నువ్వేమంటావ్?"

"నీ ఇష్టమే నా ఇష్టం."

తడి చొక్కా ఒకటి దులిపింది, నా మొహాన నీళ్ళు పడ్డాయి. సారీ అంది. మిగతా బట్టలకి క్లిప్పులు పెట్టింది.

తిరిగి వెళ్ళగానే జవాబు చెప్పాలి కాబోలు. నేను పక్షపాతం లేకుండా మాట్లాడాను. తండ్రి అనేవాడు అలాగే ఉండాలి. పిల్లల ఉద్యోగంలో వేలు పెట్టకూడదు.

అయినా ఉంటుంది. అందరూ దిగిపోతే ఆఖరిరోజు దాన్ని ఎగరేసేవాళ్ళు ఎవరు? పిట్ట ఉంటుంది. నాకు తెలుసు.

ఇది రాస్తుంటే చెయ్యి నొప్పెడుతోంది. ఆపుతున్నాను.

మార్చి 13

మా ఆవిడ ఇవాళ మాట్లాడింది. పిట్ట కూరగాయలకి వెళ్ళినప్పుడు. మిషను మీద గుడ్డ కప్పి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. అలా కూర్చుందంటే ఇక తప్పించుకునే దారి లేదు.

"మీరు దిగమంటే దిగుతుంది" అంది.

"అది దాని ఉద్యోగం."

"నేను చెప్తే వినదు. అమ్మకి భయం అంటుంది. అమ్మ భయానికి విలువేముంది, అది పుట్టిన దగ్గర్నుంచీ ఉన్నదే. నడిస్తే పడతావన్నాను, సైకిలెక్కితే పడతావన్నాను. మీకు భయమేస్తోందని ఒక్కసారి మీ నోటి నుంచి వింటే చాలు. ఒక్కసారి."

"నాకేం భయం లేదు."

"మరి ఖాళీ గ్లాసు ఎందుకు తాగుతున్నారు?"

గ్లాసు కింద పెట్టాను.

"ముప్పై ఏళ్ళు వాటితో కాపురం చేశారు. వాటి గుట్టు మీకు తెలిసినంత ఎవరికీ తెలీదు. పెళ్ళైన కొత్తలో బయట టీ కొట్టు దగ్గర మీ స్నేహితులతో మీరేం మాట్లాడుకునేవాళ్ళో నేను కూడా విన్నాను. ఇంజను ఆగితే ఆ రెక్కలకి మోసే బలం లేదు, రాయిలా దిగుతుంది, దిగేటప్పుడు వేగం తగ్గితే క్షమించదు. ఈ మాటలు మీవే. ఊళ్ళో టీ కొట్టువాడికి కూడా చెప్పారు. కన్నకూతురికి మాత్రం చెప్పలేదు."

"నేను చెప్పేదేముంది, శిక్షణలో వాళ్ళే చెప్తారు."

"వాళ్ళు చెప్తారు. మీరు చెప్పలేదు" అంది. లేచి గుడ్డ తీసి మళ్ళీ కుట్టుకుంది. ఈసారి నెమ్మదిగా. వేగంగా తొక్కినా బాగుండు.

చెప్తాను. రేపు చెప్తాను.

మార్చి 14

పిట్ట నాతోపాటు కాలేజీ గేటు దగ్గరికి వచ్చింది. "ఇంట్లో కూర్చుంటే అమ్మ నా వెనకాలే తిరుగుతోంది నాన్నా, నీ పని చూస్తాను" అంది. నాకు లోపల సంతోషమే. స్తంభం మీద బల్లేన్ని చూస్తే హుషారు వస్తుందనుకున్నాను.

పాత చొక్కా వేసుకుని పరంజా ఎక్కింది. గరుకు కాగితంతో పొట్ట భాగం రుద్దింది. పని నేర్చుకున్న చెయ్యి, ఒకే దిశలో రుద్దుతుంది, అడ్డదిడ్డంగా కాదు. చిన్నప్పుడు నేనే నేర్పాను. రంగులాయన నోరెళ్ళబెట్టి చూస్తున్నాడు.

"అమ్మా, నిజంగా ఇది మీరు నడుపుతారా? ఇది?"

"నడుపుతాను."

"ఒక్కరేనా? పక్కన క్లీనరు కూడా ఉండడా?"

"ఉండడు" అని నవ్వింది. ఇంటికొచ్చాక మొదటిసారి. "ఒక్కటే సీటు, ఒక్కటే ఇంజను."

"బాబోయ్. నా లారీకే ఒక స్టెప్నీ ఉంటుందమ్మా" అన్నాడు. "ఓసారి ఎక్కి కూర్చోండి, మా పిల్లలకి ఫోటో చూపిస్తా. అద్దం తెరిచే ఉంది."

పిట్ట తల పైకెత్తి కాక్‌పిట్ వైపు చూసింది. "వద్దండీ, చేతికి రంగుంది" అంది. చేతికి రంగు లేదు. మట్టి కూడా లేదు. మట్టి అంటుతుందని గ్లవ్స్ వేసుకునే ఉంది.

కాసేపటికి రంగులాయన రంగు డబ్బాల కోసం వెళ్ళాడు. మేమిద్దరమే రెక్క నీడలో మిగిలాం. పిట్ట రుద్దడం ఆపింది.

"నాన్నా, ఇది మంచి విమానమేనా?"

ఇదే అదను అని నాకు తెలుసు. మా ఆవిడ మాటలన్నీ నోటి దాకా వచ్చాయి. వచ్చి అక్కడే ఆగాయి.

"పద, టీ తాగుదాం" అన్నాను. "రోడ్డవతల కొట్టుంది."

పిట్ట కదల్లేదు. హాంగరు పద్ధతి దానికీ తెలుసు, నా దగ్గరే పెరిగింది కదా. నన్నే చూస్తోంది.

"అంటే చెప్పడానికి చెడ్డది ఏదో ఉంది."

"నేనలా అన్లేదు. టీ అన్నాను."

"టీ వద్దు. ఇక్కడే చెప్పు."

"ఇక్కడెందుకే, ఎండగా ఉంది..."

"నీడలోనే ఉన్నాం నాన్నా. దీనికి ఇంజను కూడా లేదు, లోపల పావురాలున్నాయి. ఏం వింటుంది? ఎవరు వింటారు? నేను తప్ప ఇక్కడ ఎవరున్నారు?" గొంతు పెరిగింది. పావురాలు లేచి ఎగిరాయి.

నేను పైకి చూశాను. కడుపు కింద, చక్రాల గది తలుపు పక్కన, మా చేతులు ఎన్నిసార్లో తడిమిన ఆ పలక. దాన్ని ఎదురుగా పెట్టుకుని ఎలా అనడం? తలకి తుపాకీ గురిపెట్టినా నా నోట రాదు. ముసలి గాడిదని నేను. నన్ను మార్చడం ఎవరి తరం?

"మంచి విమానం" అన్నాను.

"సరే" అంది పిట్ట.

అంతే. గరుకు కాగితం తిప్పి రెండోవైపుతో రుద్దడం మొదలుపెట్టింది. దాని మొహంలో ఒక నిశ్చయం కనపడింది నాకు. బల్లెం మీదే ఉండాలని అనుకున్నట్టుంది. నేను మంచిదనగానే గట్టిపడింది. అలాగే అనిపించింది.

ఆ మాట ఎందుకన్నాను.

మార్చి 15

విచారణ తేలింది. పక్షి తగిలిందట. బల్లేనిది తప్పు లేదట. రేపటినుంచి ఎగరొచ్చట. నేను చెప్పానా!

ఎవరికీ చెప్పలేదు, నేను చెప్పానని. రేడియో ఫోన్ చేసి "గెలిచావు బావా" అన్నాడు. పెట్టేశాను.

ఒకటే ఇంజను. ఒక్క పక్షి చాలు. ఇందులో కొత్తగా కనిపెట్టడానికేం ఉంది? పొడుగు సార్ గుమ్మం తగిలి నవ్విన మనిషి. వాళ్ళమ్మకి ఇప్పుడు ఫోన్ చేసి చెప్తారు కాబోలు, అమ్మా, విమానం తప్పు లేదు, పక్షి.

రేపు చెప్తాను.

మార్చి 16

చెప్పలేదు. పిట్ట పొద్దుటి నుంచీ బట్టలు సర్దుకుంటూనే ఉంది. దాని యూనిఫామ్ చొక్కాకి బొత్తాం ఊడితే మా ఆవిడ కుట్టింది. కుడుతున్నంతసేపూ దాన్ని ఏమీ అడగలేదు, బతిమాలలేదు. దారం పంటితో తెంపి నావైపు చూసింది. అంతే.

రేపు బస్టాండుకి నేనే దింపుతాను. రేపు కాకపోతే ఇంకెప్పుడూ కాదు.

మార్చి 17

పూసగుచ్చినట్టు రాయాలి. తర్వాత నేనే మార్చేసి చెప్పుకుంటాను లేకపోతే.

బస్సు ఆలస్యం. సిమెంటు బల్ల మీద కూర్చున్నాం, బ్యాగు మధ్యలో. నేను టికెట్ ఉందా అని అడిగాను. నీళ్ళ సీసా ఉందా అని అడిగాను. కిటికీ పక్క సీటేనా అని అడిగాను. అన్నిటికీ ఆఁ అంది. ఇంక అడగడానికేమీ మిగల్లేదు. అవతల ఒకడు బస్సు అద్దాలు తుడుస్తున్నాడు, వాడినే చూస్తూ అనేశాను:

"దిగిపోవే."

"ఏంటి నాన్నా?"

"బల్లెం. దిగిపో. నాకు భయంగా ఉంది. మొన్న మంచిదన్నాను చూడు, అబద్ధం. అంటే అబద్ధం కాదు. మంచిదే, కానీ నీకు కాదు. నాకు నువ్వొక్కదానివే ఉన్నావు. ఇంజను ఆగితే అది ఎలా దిగుతుందో నాకు తెలుసు. పొడుగాయన వార్త విన్నప్పటి నుంచీ కళ్ళు మూస్తే అదే. నేను పిరికివాణ్ణనుకో, ఇంకేమన్నా అనుకో. దిగిపో తల్లీ."

ఇంత పొడుగు మాట నా జీవితంలో ఎప్పుడూ మాట్లాడలేదు. ఊపిరి అందలేదు.

పిట్ట బ్యాగు జిప్పు అటూ ఇటూ లాగుతోంది. "దిగిపోయాను నాన్నా" అంది.

"ఎప్పుడు?"

"ఎప్పుడో. సార్ పడిపోకముందే. రవాణా విమానాలకి వెళ్తానని అడిగాను. నా పేరు పంపించింది కూడా సారే. ఇప్పుడు అక్కడికే వెళ్తున్నాను, బల్లెం దగ్గరికి కాదు."

"మరి ఇన్నాళ్ళూ..."

"ఎక్కే ముందు ప్రతిసారీ నిచ్చెన దగ్గర భయం పట్టుకునేది. మొదట్లో అందరికీ అంతేలే అనుకున్నాను. పోలేదు. సార్‌కి చెప్తే నవ్వలేదు. తప్పేం లేదు, పెద్ద బండి నడుపు, అందులో టీ కూడా తాగొచ్చు అన్నారు." జిప్పు మళ్ళీ లాగింది. "నీకు చెప్దామని ఎన్నిసార్లు ఫోన్ చేశానో తెలుసా? ఎత్తగానే నువ్వు 'బల్లెం ఎలా ఉంది?' అనేవాడివి. నేనెలా ఉన్నానో తర్వాత అడిగేవాడివి. ఒక్కోసారి మర్చిపోయేవాడివి కూడా. ఇంక నేనేం చెప్పను? ఈసారి ఎలాగైనా చెప్పాలనే వచ్చాను. ముందు నీ నోటి నుంచి ఒక్క మాట వస్తే చెప్పడం తేలికవుతుందని చూశాను. మొన్న అక్కడ అడిగింది కూడా అందుకే."

నాకేం అనిపించాలో నాకు తెలుసు. అదే అనిపించింది కూడా, గుండె మీద నుంచి బండ దించినట్టు. కానీ దానికంటే ముందు, రెప్పపాటు కాలం, ఇంకొకటి వచ్చింది. అయ్యో, వదిలేసిందా, అనిపించింది. బల్లెం తరఫున. ఒట్టు, రెప్పపాటే. ఆ రెప్పపాటులో పిట్ట నా మొహంలోకే చూస్తోంది.

"అదిగో" అంది మెల్లగా. "ఇందుకే చెప్పలేదు."

"లేదే, కాదే, ఎండ కళ్ళల్లో..."

"పర్లేదు నాన్నా." నిజంగానే పర్లేదన్నట్టు నా భుజం మీద చెయ్యి వేసింది. దాని చెయ్యి బరువుగా లేదు. "నువ్వు దిగమన్నావు కదా. నాకు అది చాలు."

బస్సు వచ్చింది. బ్యాగు నేనెక్కించబోతే మోకాలు చూసుకో నాన్నా అని తనే ఎక్కించుకుంది. కిటికీ దగ్గర కూర్చుని చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. బస్సు మలుపు తిరిగాక కూడా ఊపుతున్నానని పక్కనున్నాయన నావైపు చూస్తే తెలిసింది.

ఇంటికొచ్చాను. మా ఆవిడ మిషను ముందే ఉంది. "దిగుతుందట" అన్నాను. "ముందే దిగిపోయిందట." మిషను బల్ల మీద తల పెట్టి ఏడ్చింది, భుజాలు ఎగిరెగిరి పడేలా. నేను పక్కన నిలబడ్డాను. కాసేపటికి తల ఎత్తి కొంగుతో ముక్కు తుడుచుకుని నన్ను చూసింది.

"మీరెందుకు ఏడుస్తున్నారు?"

"సంతోషానికే" అన్నాను.

మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

సాయంత్రం పిట్ట ఫోన్ చేసింది, చేరానని. "ఎలా ఉన్నావే?" అని అడిగాను. బాగున్నాను నాన్నా అంది. ఆ తర్వాత, బల్లెం కాక ఇంకేం అడగాలో వెతుక్కుంటూ ఫోన్ పట్టుకునే ఉన్నాను. తను కూడా పెట్టెయ్యలేదు.